కిటికీలకు కట్టిన పంచె ముక్కలు

ఆ ఏడాది మా బడి తనకు తానే మార్కులు వేసుకోవాల్సి వచ్చింది. పిల్లలకు మార్కులు వేయడం మాకు వెన్నతో పెట్టిన విద్య. అర మార్కు దగ్గర కూడా చేయి వణక్కుండా కోసేసే వాళ్ళం. అలాంటి వాళ్ళకు సొంత బడికి మార్కులు వేసుకోమని చెప్పేసరికి స్టాఫ్ రూములో ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది.

పైనుంచి వచ్చిన సూచన చిన్నదే. నీళ్ళు, చెత్త, కరెంటు, చెట్లు, గాలి. ఈ అయిదింటి విషయంలో మీ బడి చుట్టుపక్కల ప్రకృతికి మేలు చేస్తోందో కీడు చేస్తోందో మీరే చూసుకోండి. పదికి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. ఆ చార్టు అందరికీ కనిపించేలా గోడకు అంటించండి. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ చూసుకుని, ముందుకు వెళ్ళారో వెనక్కి వెళ్ళారో తేల్చుకోండి. తనిఖీకి ఎవరూ రారు.

తనిఖీ లేదని తెలియగానే, టీ చల్లారేలోపు చార్టు నిండిపోయింది. చెట్లకు పదికి పది, ప్రహరీ పొడుగునా బాదం చెట్లున్నాయి కదా. చెత్తకు పదికి పది, ఆవరణలో కాగితం ముక్క కనిపిస్తే మా హెడ్మాస్టరుగారికి జ్వరం వచ్చేస్తుంది కదా. ఒక కొళాయి కారుతోంది కనక నీళ్ళకు తొమ్మిది. గాలి దగ్గరికి వచ్చేసరికి చార్టు నా ముందుకు తోశారు. నేను సైన్సు చెప్తాను. గాలిని ఎలా కొలవాలో తేలకుండా మార్కు వేయడం నా వల్ల కాలేదు, ఆ గడి ఖాళీగా వదిలేశాను. పెళ్ళి భోజనంలో కూర్చుని ఉప్పు తక్కువైందని పైకి అనేసినవాణ్ణి చూసినట్టు చూశారందరూ నన్ను.

మా బడి వన్ టౌన్ దాటి హార్బర్ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. నేను గోపాలపట్నం నుంచి రోజూ బస్సులో వెళ్తాను. ఇంటి దగ్గర కట్టుకున్న చీర రంగూ, సాయంత్రం తిరిగొచ్చేటప్పటి చీర రంగూ ఒకటి కాదు. మా బడి వైపు కిటికీ ఊచ మీద వేలు పెట్టి రాస్తే నల్లగా అంటుకుంటుంది. అక్కడి వాళ్ళకు అదేమీ వింత కాదు. పొద్దున్నే బల్లలు తుడవడం, మధ్యాహ్నం భోజనాల తర్వాత మళ్ళీ తుడవడం మా పిల్లలకు పలకరింపులాంటి అలవాటు.

ఆ దుమ్ముతో అందరికంటే ఎక్కువ బాధపడేది హెడ్మాస్టరుగారే. మంచి మనిషి. కాకపోతే తుమ్ములు. ప్రార్థనలో తుమ్ముతారు, పాఠం మధ్యలో తుమ్ముతారు, మమ్మల్ని కోప్పడబోయి తుమ్ముతారు, దాంతో ఆ కోపం కాస్తా పోతుంది. దుమ్మంతా మా గ్రౌండులోంచే లేస్తోందని ఆయన గట్టి నమ్మకం. మా గ్రౌండు ఎర్రమట్టి నేల. ఆయన నమ్మకానికి తోడు, బడిలో చదువుకుని వెళ్ళి గోపాలపట్నంలో టైల్స్ వ్యాపారం పెట్టుకున్న పూర్వ విద్యార్థి ఒకాయన వచ్చి, "సార్, గోడ నుంచి గోడ దాకా సిమెంటు టైల్స్ పరిపించేస్తాను, ఇంక మీకు దుమ్మన్న మాట ఉండదు" అన్నాడు. పైసా తీసుకోనన్నాడు. వారం తిరిగేసరికి గేటు పక్కన టైల్స్ గుట్టగా దిగిపోయాయి. హెడ్మాస్టరుగారు ఆ గుట్ట చుట్టూ తిరుగుతుంటే కొత్త అల్లుడికి కొన్న స్కూటర్ చూసుకుంటున్నట్టు ఉండేది.

ఆ గుట్ట చూసి గుండె జారిపోయింది మాత్రం మా కబడ్డీ కెప్టెన్‌కి.

తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్ళ నాన్న బోటు మీద వేటకు వెళ్తాడు, అమ్మ హార్బర్‌లో చేపలు కొనుక్కొచ్చి వీధుల్లో అమ్ముతుంది. తెల్లారకముందే ఈ పిల్ల తన జట్టును పోగేసుకుని గ్రౌండులో ఉండేది. నేను త్వరగా వెళ్ళిన రోజుల్లో వరండాలో నిలబడి చూసేదాన్ని. వాళ్ళ ఆటలో నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. ప్రాక్టీసులో రిఫరీ ఎవరూ ఉండరు. కూతకు వచ్చిన పిల్ల వేలు తగిలితే, తగిలినట్టు ఇంకెవరికీ కనిపించకపోయినా సరే, తగిలిన పిల్లే చెయ్యెత్తి గీత దాటి బయటికి వెళ్ళిపోతుంది. తగల్లేదని వాదించిన పిల్లను మర్నాడు ఆటకు పిలవరు. చిన్న క్లాసుల పిల్లలకు కూడా ముందు అదే నేర్పుతారు, పట్టు పట్టడం ఆ తర్వాత.

టైల్స్ దిగిన రోజు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఆ టైల్స్ ఏసేత్తే మా ఆట అయిపోనట్టే."

"ఎందుకయిపోద్దే? టైల్స్ మీద ఆడుకోండి."

"సిమెంటు మీద పట్టు పట్టి పడితే మోకాలి సిప్పలు లేసిపోతాయి మేడమ్. సెలక్షన్లు వత్తన్నాయి. ఇంకెక్కడ ఆడతాం?"

"బీచ్ ఉంది కదే."

"ఇసకలో కాలు దిగిపోద్ది. మట్టి కావాల మేడమ్." ఏడవలేదు. ఆ పిల్ల ఏడిస్తే నాకు అంత బాధ అనిపించేది కాదు. మా వన్ టౌన్ ఇరుకు వీధుల్లో ఆడపిల్లలు చేతులు చాపి పరిగెత్తడానికి ఉన్న జాగా ఆ గ్రౌండు ఒక్కటే.

వెళ్ళబోతూ గోడమీది చార్టు ముందు ఆగింది. గాలి పక్కన ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఇదెందుకు కాళీగా ఒగ్గేసినారు?" అంది.

"కొలవకుండా ఎలా ఏత్తామే?" అన్నాను. నాకు కోపమొచ్చినా సంతోషమొచ్చినా మా ఊరి మాటే వస్తుంది.

"మరి మిగతావన్నీ కొలిసే ఏసినారా?"

ఆ పిల్ల వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అప్పుడు నాలో ఏదో వెలిగినట్టయింది. గాలిని కొలుద్దాం! దుమ్ము గ్రౌండుదో కాదో కొలిచేద్దాం! అదే ఊపులో హెడ్మాస్టరుగారి గదిలోకి తలుపు కొట్టకుండా దూరిపోయాను.

ఆయన అంతా విన్నారు. రెండుసార్లు తుమ్మారు. "తేల్చండి అమ్మా. వచ్చే పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ చెప్పండి. దుమ్ము గ్రౌండుది కాదని తేలితే ఒక్క టైలు కూడా వేయించను. తేలకపోతే మాత్రం మీటింగు అయిన మర్నాడే పని మొదలు" అన్నారు. ఆయన మాటంటే మాటే. అందుకే నాకు భయమూ వేసింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో తెల్లటి పంచె ఒకటి బలయింది. మా ఆయన ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేసి వచ్చేసరికి నేను కత్తెరతో నేలమీద కూర్చుని ఉన్నాను. "అది మీ తమ్ముడి పెళ్ళికి పెట్టిన పంచె" అన్నాడాయన. "అందుకే మంచి నూలు" అన్నాను. మర్నాడు ఆ ముక్కల్ని పిల్లలు కిటికీలకు కట్టారు. గ్రౌండు వైపు కిటికీలకు కొన్ని, పక్కన హార్బర్ వైపు కిటికీలకు కొన్ని, వెనక ప్రహరీ సందు వైపు కిటికీలకు కొన్ని. లెక్క చాలా తేలిక. దుమ్ము గ్రౌండుదైతే గ్రౌండు వైపు గుడ్డలు అన్నిటికంటే ఎక్కువ మాయాలి, అదీ ఎర్రగా మాయాలి. కాకపోతే కాదు.

బడి మొత్తం ఊగిపోయింది. ప్రతి పీరియడ్ మధ్యలోనూ పిల్లలు కిటికీల కింద మూగి మెడలు సాచి చూడటమే. లెక్కల మాస్టారు కూడా నడక కోసమని వంక పెట్టి అటువైపు రెండుసార్లు తిరిగి వచ్చారు. రోజు రోజుకీ గుడ్డల రంగు మారుతోంది. నాకు రాత్రి అన్నం సహించేది కాదు. పరీక్ష రాసిన పిల్లలు ఫలితాల కోసం ఎలా కొట్టుకుంటారో నాకు ఆ వారంలో తెలిసొచ్చింది.

గుడ్డలు దించాల్సిన రోజు పొద్దున్నే బస్సు దిగి దాదాపు పరిగెత్తాను. గేటులోంచి చూస్తే కిటికీలన్నిటికీ గుడ్డలు తళతళా మెరిసిపోతున్నాయి. మా పంచె కొన్నప్పుడు కూడా అంత తెల్లగా లేదు. కెప్టెన్ వాళ్ళమ్మ స్టూలెక్కి చివరి గుడ్డ కడుతోంది.

"ఏటమ్మా ఇది? ఏటి సేసేసినావ్!"

ఆవిడ నవ్వుతూ దిగింది. "మరేటమ్మా, నిన్న సాయంత్రం పిల్లని పిలుద్దామని వచ్చినాను. సూత్తే బడి కిటికీలకి నల్లగా మసిగుడ్డలు ఏలాడతన్నాయి. ఓలమ్మో, మీటింగుకి అందరూ వత్తారు, మా పిల్లల బడిని సూసి ఏటనుకుంటారు? అందుకే అన్నీ దించేసి అట్టుకెల్లి, రెండుసార్లు సబ్బెట్టి, నీలిమందెట్టి ఉతికినాను. మా ఈదిలో హార్బర్ గాలి తిరిగితే తీగ మీద గుడ్డ ఉంచమమ్మా. నల్లబడిన గుడ్డ తీగ మీదుంటే ఆ ఇంటి ఆడదాన్ని ఏటంటారు?"

నిన్న ఆవిడ వచ్చినప్పుడు కూతురు గ్రౌండులోనే ఉంది, కూత ఆపకుండా. వాళ్ళమ్మ వచ్చి గుడ్డలు దించుకుని, చేపల గంపలో వేసుకుని వెళ్ళింది కూడా చూడలేదు. ఆడటం మొదలుపెడితే ఆ పిల్లకు లోకం ఉండదు. ఇప్పుడు విషయం తెలిసి తల్లి వైపు చూసిన చూపు చూస్తే, నాకు కోపం రావాల్సింది పోయి నవ్వు తన్నుకొచ్చింది. నేను నవ్వుతుంటే తల్లి కూడా నవ్వింది. తన చేతులతో ఏం చేసిందో ఇంకా తెలీదు పాపం. తెలిశాక గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా సేతులతో నానే నా పిల్ల ఆటని తుడిసేసినానేటి?" అంది. నవ్వడం ఆపేశాను.

ఆ మాట చెవిన పడిందో ఏమో, హెడ్మాస్టరుగారు వరండాలోంచి, "టైల్స్ ఆయన ఇంట్లో పెళ్ళి ఉందట, మీటింగు రేపు కాదు, పై శనివారానికి జరుపుదాం. ఇంకోసారి కట్టండి. మళ్ళీ జరపను సుమా" అన్నారు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు కానీ రెండో పంచె కోశాను. మా ఆయన ఈసారి ఏమీ అనలేదు, మిగిలిన పంచెలు తీసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మర్నాడు, ఆ శనివారం పొద్దున, కొత్త గుడ్డలు ఎక్కాయి. ఈసారి ప్రతి కిటికీ కిందా పిల్లలు అట్టముక్క మీద "దయచేసి ఉతకవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీశారు. దారిన పోయేవాళ్ళు ఆగి చదివి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని వెళ్ళేవాళ్ళు.

మీటింగుకు ముందురోజు గుడ్డలు దించాం. ల్యాబులో పెద్ద బల్ల మీద వరసగా పరిచాం. కబడ్డీ పిల్లలందరూ నా చుట్టూ మూగారు.

గ్రౌండు వైపు గుడ్డలు లేత గోధుమరంగులో ఉన్నాయి, టీ ఒలికి ఆరిపోయినట్టు. అంతే! మా పిల్లలు ఎగిరి గంతులేశారు. హార్బర్ వైపువి అంచు నుంచి అంచు దాకా ఒకే తీరుగా నల్లబడి ఉన్నాయి. నేను కూడా గంతేసేదాన్నే. అప్పుడే చివరన పరిచిన వెనక సందు గుడ్డల మీద నా కళ్ళు పడ్డాయి. అన్నిటికంటే నల్లగా ఉన్నవి అవే. వెనక వైపు గ్రౌండు లేదు, హార్బర్ లేదు. ప్రహరీ, సందు, పక్కింటి గోడ. అవే అన్నిటికంటే తెల్లగా ఉండాలి. పైగా ఆ నలుపు ఒకే తీరుగా లేదు, మచ్చలు మచ్చలుగా ఉంది. వేలు పెడితే పొరలు పొరలుగా నలిగిపోతోంది.

కెప్టెన్ ఒక గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మేడమ్, ఇది దుమ్ము కాదు. కాలిన కంపు కొడతంది."

నేనూ వాసన చూశాను. అందరం ఒక్క ఉరుకున బడి వెనక్కి పరిగెత్తాం. కిటికీలకు సరిగ్గా కింద నేలంతా నల్లగా మాడిపోయిన చోటు, బూడిద, సగం కరిగిన ప్లాస్టిక్ కవర్ల అంచులు. మేమందరం ప్రతి శనివారం చూస్తూనే ఉన్న చోటు.

మా బడికి శనివారం శ్రమదానం ఉంది. హెడ్మాస్టరుగారు పెట్టిన పద్ధతి, చుట్టుపక్కల బడులన్నీ మెచ్చుకునే పద్ధతి. చివరి పీరియడులో అందరం చీపుళ్ళు పట్టుకుని బాదం ఆకులు, కాగితాలు, కవర్లు అన్నీ ఊడ్చి వెనక్కి చేరుస్తాం. కుప్ప పోగయ్యాక హెడ్మాస్టరుగారు చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీసి స్వయంగా ముట్టిస్తారు. మంట లేవగానే పిల్లలు చప్పట్లు కొడతారు. దోమలు కూడా పోతాయని మా అందరి ఆనందం. సోమవారం నాటికి ఆవరణ అద్దంలా ఉంటుంది. చెత్తకు మాకు మేం వేసుకున్న పదికి పది ఇదన్నమాట! ఈ పొగే కిటికీల్లోంచి లోపలికి వచ్చి, బల్లల మీద కూర్చుని, మా హెడ్మాస్టరుగారి ముక్కులోకి పోతోంది. ఆయన ముట్టించినదానికే ఆయన తుమ్ముతున్నారు!

దొరికింది! ఇన్నేళ్ళుగా పాఠం చెప్తున్నా అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. బూడిదలో చెప్పులతో నిలబడి చప్పట్లు కొట్టాను. పిల్లలు నన్ను చూసి బెదిరిపోయారు.

బెదరడానికి కారణం అది కాదని కాసేపటికి అర్థమైంది. కెప్టెన్ మెల్లగా అంది, "మేడమ్, ఎనక గుడ్డలు సూపించకపోతే ఏటి? గ్రౌండుది కాదని ముందు గుడ్డలే సెప్పేత్తన్నాయి కదా. ఇది సెప్తే సార్‌కి కోపమొచ్చి టైల్స్ ఏయించేత్తే?"

అదీ నిజమే. గ్రౌండు ఉంచాలా తీసేయాలా అన్నది చెప్పేది ఆయనే. ఆయన ప్రాణంగా చూసుకునే శ్రమదానాన్ని అందరి ముందూ తప్పంటే ఏ మనిషికైనా ఎలా ఉంటుంది? నా నోరు మాత్రం అరిచి చెప్పాలని దురద పెడుతోంది. నా సంగతి వేరు. పోయేది నా ఆట కాదు. "రేపు నా బదులు అందరి ముందూ గుడ్డలు చూపించి చెప్పేది నువ్వు. నువ్వే తేల్చుకో" అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

మర్నాడు మీటింగుకు తల్లిదండ్రులు వరండా నిండా కూర్చున్నారు. టైల్స్ ఆయన ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. హెడ్మాస్టరుగారు తుమ్మి, మీటింగు మొదలుపెట్టారు. మా పిల్ల గుడ్డల మూట పట్టుకుని లేచింది. ముందు గ్రౌండు వైపు గుడ్డ ఎత్తి చూపించింది. "ఇది మా గ్రౌండు" అంది. హార్బర్ వైపుది చూపించింది. "ఇది అటు నుంచి వచ్చే గాలి." అక్కడ ఆగింది. మూటలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

తర్వాత మూడో గుడ్డ తీసింది.

"ఇది ఎనక కిటికీది. అన్నిటికంటే నల్లగా ఉంది. ఇది గ్రౌండుది కాదు, హార్బర్‌ది కాదు. శనివారం మనం కాల్చే చెత్తది. చెత్తకి మనం పదికి పది ఏసుకున్నాం. అది తప్పు. మేమంతా ఊడ్సినాం, మేమంతా చప్పట్లు కొట్టినాం." గుడ్డ ఇంకా పైకెత్తి పట్టుకుని చివరిదాకా చెప్పింది. "ఆటలో వేలు తగిలితే ఎవులూ సూడకపోయినా మేము సెయ్యెత్తేత్తాం. అందుకే ఇదీ సూపించినాను."

హెడ్మాస్టరుగారు చెయ్యి చాపారు. ఆ గుడ్డ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చారు. వెంటనే తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత రోజూ వరండాలోంచి చూసే ఆ ఆటలోలాగే, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తారు.

"తగిలిందమ్మా" అన్నారు. "నేను అవుట్."

నాకు ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో సరిగ్గా తెలీదు. కళ్ళు మసకబారాయి. పిల్లలు కేకలు పెడుతున్నారు. కెప్టెన్ జట్టు మొత్తం వరండా మెట్లు దూకి, గుడ్డలు గాలిలో ఊపుతూ గ్రౌండులో పరుగులు తీస్తోంది. టైల్స్ ఆయన కూడా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. "సార్, ఆ గ్రౌండులోనే కదా నా పన్ను ఊడింది" అంటున్నాడు. కెప్టెన్ వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు, చేపల వాసనా కన్నీళ్ళూ అన్నీ నాకే.

గేటు పక్క టైల్స్ వృథా కాలేదు. బాదం ఆకులు కుళ్ళబెట్టి ఎరువు చేసే గుంతకు చుట్టూ గోడలయ్యాయి. మిగిలినవి ఎప్పుడూ బురదగా ఉండే కొళాయి చుట్టూ పరిచారు. ఇంటి దగ్గర నుంచి కవర్లు తేవడం మానేశాం, తెచ్చినవాళ్ళే తిరిగి పట్టుకెళ్ళాలన్నది నియమం. గోడమీది చార్టు తీసి కొత్తది పెట్టాం. చెత్తకు పది కొట్టేసి రెండు వేసుకున్నాం. గాలి గడిలో మూడు వేశాను, నా చేత్తో. ఒక్క మార్కు తగ్గినందుకే వారం రోజులు అలిగే మా స్టాఫ్, ఆ రెండు మార్కులూ వేసిన రోజు లడ్డూలు తెప్పించుకుని తిన్నారు. ఆ తర్వాతి శనివారం ఆకుల కుప్ప పోగవగానే హెడ్మాస్టరుగారి చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి పోయింది. పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన చేతి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు.

ఇంకొన్నాళ్ళకు మళ్ళీ గుడ్డలు కట్టాం. ఈసారి వెనక కిటికీ గుడ్డలు దాదాపు కట్టిననాటి లాగే తెల్లగా ఉన్నాయి. హెడ్మాస్టరుగారి తుమ్ములు తగ్గాయి కానీ పోలేదు. ఎందుకంటే హార్బర్ వైపు గుడ్డలు మాత్రం పోయినసారిలాగే నల్లగా ఉన్నాయి. మా మార్కు మేం తగ్గించుకున్నాం, మా చెయ్యి మేం ఎత్తాం. అటువైపు నుంచి ఆ నలుపు పంపేవాళ్ళెవరూ ఇంకా చెయ్యెత్తలేదు. అందుకని వెనకవీ ముందువీ తీసేసి, అటువైపు గుడ్డ ఒకటి మాత్రం కిటికీకి అలాగే ఉంచేశాం.

సెలక్షన్ మ్యాచులు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, ఆ చుట్టుపక్కల మట్టి గ్రౌండు ఉన్న బడి మాది ఒక్కటేనని తేలింది! ఇక చూడాలి మా వాళ్ళ హడావుడి. ముందురోజు నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి, వేరే బడుల నుంచి వచ్చే జట్లకు మజ్జిగ పెట్టించి, హెడ్మాస్టరుగారు ఆ రోజు కొత్త పెళ్ళికొడుకులా తిరిగారు. మా కెప్టెన్ కూతకు వెళ్ళినప్పుడల్లా వరండా దద్దరిల్లింది. నేను అరిచిన అరుపులకు మూడు రోజులు పాఠం చెప్పలేకపోయాను.

ఆ గోలలో వేరే బడి నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ మా కిటికీ వైపు చూసి, "ఇంత శుభ్రంగా పెట్టుకున్నారు గానీ ఆ మురికి గుడ్డేంటండీ, ఎవరూ తీయరా?" అంది. నేను చెప్పబోయేలోపే పక్కనే నిలబడ్డ కెప్టెన్ వాళ్ళమ్మ అందుకుంది. నల్లబడిన గుడ్డ తీగ మీద కనిపిస్తే నిద్రపట్టని మనిషి. గ్రౌండులో కూతురు గీత దాటి వెళ్తుంటే చూపు తిప్పకుండానే చెప్పింది.

"ఉండనీ అమ్మా. ఉతికేత్తే మరి ఎవులికి తెలుత్తాది?"